నూట నలభై రెండో పార్టు

పొద్దుగాల అంగన్‌వాడీల పిల్లలకు గుడ్లు పంచి
పగటీలి ఓటర్ల జాబితా సంకల పెట్టుకొని బయల్దేరుత.
నూట నలభై రెండో పార్టు,
పదకొండు నూర్ల ఆరుగురు.
ఎవరి తండ్రి పేరేందో, ఎవరి మొగని పేరేందో,
ఎవరి వయసు అబద్ధమో
అన్నీ నాకు ఎరుకే.

మా బస్తీ నడుమ ఒక నాలా.
ఎండకాలం అది ఉత్త మురికి,
వాన పడ్డదంటే మూసీకి మేనకోడలు.
పోయినసారి హద్దులు గీసినోళ్లు
ఏ గదిల కూసున్నరో తెల్వదు,
పటంల నీలంగ కనబడ్డదాని వెంబడే గీత గుంజిన్రు.
నది అనుకున్నరేమో, పాపం.

అప్పటిసంది
ఇవతలి గట్టు ఒక ఎమ్మెల్యేది
అవతలి గట్టు ఇంకొకాయనది
నాలా ఎవరిదీ కాదు.
పూడిక తీయించున్రి సారూ అని పోతే
ఇవతలాయన చాయ్ తాపిచ్చి
"అది అవతల పడుతది గదమ్మా" అన్నడు.
అవతలాయన చాయ్ గూడ పోయలే.
"మీరు నా ఓటర్లు కాదు" అన్నడు.
నిజమే చెప్పిండు.
అబద్ధం చెప్పిచ్చుకోనీకైనా ఓటరై ఉండాలె.

నాలా మీద స్లాబు ఏసి కట్టుకున్న ఇల్లు ఖైరున్నీసా ఆపాది.
మంచం ఇవతల, పొయ్యి అవతల.
"ఏ నియోజకవర్గంల వండుతున్న,
ఏ నియోజకవర్గంల తింటున్న, నువ్వే చెప్పు టీచరమ్మా"
అని నవ్వుతది.
తలుపు ఎటుంటే ఓటు అటు అని రాసుకున్న.
రూలు కాదది, నా తెలివి.
మూడు నెల్లకు ఆమె కొడుకు పంక్చర్ దుకాణం పెట్టి
తలుపు అవతలికి తిప్పిండు.
ఫారం ఎనిమిది నింపుకుంట
దర్వాజ మీద కూసున్న గంట సేపు.

ఓట్ల నాడు
మున్సిపల్ బడిల, పదమూడో ఎక్కం రాసిన గోడ కింద
ఆగమయ్య తాత బటన్ నొక్కి, కదలడు.
అద్దం ఎనుక చీటీ కనబడ్డది,
తెగింది, పడ్డది.
"ఎంతసేపు చూడనిస్తరు బిడ్డా?"
ఏడు సెకన్లు తాతా.
"ఐదేండ్లకు ఏడు సెకన్లు" అనుకుంట
సిరా ఏలు ఊదుకుంట బైటికి పోయిండు,
తడి ఆరకపోతే లెక్క ఆగిపోతదన్నట్టు.

ప్రాతినిధ్యం అనే మాటకు ఆయనకు నోరు తిరగదు,
బదులు మనిషి అంటడు.
"నా బదులు ఆడ కూసుంటడు, కూసోనీ.
నా బదులు ఒక్క వాన రాత్రి
ఈ గట్టు మీద నిలబడ్డాడేమో అడుగు."
ఆయన ఓటు ఏసిన మనిషి ఓడిపోయిండు.
గెలిచినాయన గూడ ఆయన బదులే నంట.
ఆ ముచ్చట ఎట్ల చెప్పాల్నో తెల్వక
నేను చెప్పలే.

మల్ల జనాభ లెక్కలు.
మల్ల గీతలు.
అభ్యంతరాలు ఉంటే తెలుపున్రి అని
ఆఫీసు గోడకు కాయితం అతికిచ్చిన్రు,
సగం మీద జిరాక్సు దుకాణం బోర్డు.
రాత్రి కూసోని రాసిన:
"అయ్యా, మమ్ములను ఎటన్న ఏయున్రి.
ఈ గట్టోళ్లం ఆ గట్టోళ్లమైనా మాకేం లేదు.
కని నాలాను మాత్రం గీత కింద పెట్టొద్దు,
ఎవరో ఒకరి ఒళ్లె పెట్టున్రి."
నూట ముప్పై తొమ్మిది సంతకాలు.
మొదటిది ఆగమయ్య ఏలిముద్ర,
నీలంగ, కొంచెం వంకరగ.

విచారణ నాలుగు నెల్లకు పడ్డది.
ఆఫీసర్ కాయితం తిప్పుకుంట
"ఈ మొదటాయన పేరు జాబితల కనబడతలేదు" అన్నడు.
కనబడదు సార్.
పోయిన నెల నేనే ఫారం ఏడు నింపిన.
ఇంటికి పోయి, ముసలమ్మ సంతకం తీసుకొని,
ఆయన పేరు మీద తొలగింపు అని నేనే రాసిన.
ఆఫీసర్ మంచోడే.
స్కేలు పెట్టి మెల్లగ కొట్టేసిండు.

సిటీ బస్సుల నిలబడి వస్తున్న,
ఫోన్ మోగింది. ఖైరున్నీసా ఆపా.
దుకాణం నడుస్తలేదంట,
తలుపు మల్ల ఇవతలికి పెడుతున్నరంట.
వచ్చేటప్పుడు
ఫారం ఎనిమిది ఒకటి పట్కరమ్మన్నది.